ఒక్కొక్కరి కంచం ఒక్కో తీరు: తిండి సలహా చెప్పుడు బతుకుదెరువు అయితదా?

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, తిండి గురించి చెప్పేటోళ్లే. ఒకాయన పొద్దుగాల లేవంగనే నిమ్మకాయ నీళ్లు తాగుమంటడు. ఇంకొకామె మధ్యాహ్నం దాక అసలు ఏం ముట్టొద్దంటది. అన్నం విషమని ఒకరు, పాలు విషమని ఒకరు, గోధుమ రొట్టె విషమని మరొకరు. వీళ్లల్ల శానామంది పేరు పక్కన 'హోలిస్టిక్ న్యూట్రిషనిస్ట్' అనో, 'పర్సనలైజ్డ్ డైట్ కోచ్' అనో ఉంటది. ఇది చూసి డిగ్రీ అయిపోయిన పిల్లలు, పిల్లలు పుట్టినంక నౌకరి ఇడ్సిపెట్టిన ఆడవాళ్లు అడుగుతున్నరు. ఇది మాకు బతుకుదెరువు అయితదా? ఏం సదవాలె? ఎంత ఖర్చయితది?

అయితది. కాని అడ్డదారిల పోతే కాదు. ఈ పనికి ఒక సదువు ఉన్నది, ఒక చట్టం ఉన్నది, ఒక హద్దు ఉన్నది. ఆ మూడు తెల్వకుండ బోర్డు పెట్టుకుంటే పోయేది మన పైసలు మాత్రమే కాదు, అవతలోళ్ల పానం.

నేను డాక్టర్ను కాదు, డైటీషియన్ను కాదు. కాలేజీల సదివింది తక్కువ, లైబ్రరీల సదివింది ఎక్కువ. రేషన్ దుకాణాలు, అంగన్‌వాడీలు, హాస్టళ్ల వంటగదుల చుట్టు తిరిగి తిరిగి తిండి ముచ్చట నేర్చుకున్న. అందుకే ఈ విషయాన్ని నౌకరి లెక్కనే కాకుండ, ఊరి లెక్కన గూడ చూస్త.

ఈ పెద్ద మాటలకు అర్థం ఏంది?

'హోలిస్టిక్' అంటే మనిషిని మొత్తంగ చూసుడు. షుగర్ ఎంతున్నదని కాయితం మీద చూసి ఊకోకుండ, ఆ మనిషి ఎప్పుడు నిద్రపోతడు, ఏం పని చేస్తడు, ఎన్ని గోళీలు మింగుతడు, మనసు ఎట్లున్నది, ఇంట్ల వంట ఎవరు చేస్తరు అన్నది గూడ అడుగుడు. 'పర్సనలైజ్డ్' అంటే ఊరందరికి ఒకటే చార్ట్ పంచకుండ ఎవరికి తగ్గది వాళ్లకు చెప్పుడు.

ఇది మనకు కొత్త ముచ్చట కాదు. మన ఇండ్లల్ల పథ్యం అనే మాట ఉన్నది. బాలింతకు ఒక తీరు, జరమొచ్చినోనికి ఒక తీరు, ఎదిగే పిల్లకు ఒక తీరు వండి పెట్టిన అవ్వలు చేసింది ఇదే పని. వాళ్లకు సర్టిఫికెట్ లేదు, ఫీజు లేదు.

అట్లని పాతదంత బంగారమని నేను అనను. బాలింతకు నీళ్లు తక్కువ తాగిపిచ్చుడు, ఆకుకూరలు, పండ్లు బంద్ పెట్టుడు, ఉత్త కారం మెతుకులే పెట్టుడు ఇప్పటికీ కొన్ని ఇండ్లల్ల ఉన్నది. అట్ల చేస్తే తల్లికి రక్తం తక్కువైతది. పాలిచ్చే తల్లికి నీళ్లు ఎక్కువనే కావాలె. అవ్వ చెప్పిందని నమ్ముడు తప్పే, ఫోన్ల చెప్పిందని నమ్ముడు తప్పే. రెండిటిని పరీక్ష చేసుడే ఈ సదువు.

హైదరాబాద్‌కు ఈ సదువుతోని పాత సుట్టరికం

దేశంల పోషకాహారం మీద పరిశోధన చేసే పెద్ద సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ, మన తార్నాకల ఉన్నది. 1918ల కూనూర్ల ఒక చిన్న గదిల, బెరిబెరి రోగం మీద విచారణగ రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిండు. 1958ల హైదరాబాద్‌కు వచ్చింది. 1969ల ఇప్పుడున్న పేరు పెట్టిండ్రు. తెల్లగ పాలిష్ పట్టిన బియ్యమే తినేటోళ్లకు వచ్చే రోగం బెరిబెరి. తవుడుతోని బి1 విటమిన్ గూడ పోతది గదా, అందుకు. అంటే ఈ సంస్థ పుట్టుకనే మన కంచంల ఉన్న తెల్లన్నంతోని ముడిపడి ఉన్నది.

ఇంకో ముచ్చట. ఇప్పుడు జొన్నరొట్టె అంటే షుగర్‌కు మందు అన్నట్టు చెప్తున్నరు. కాని ఒకప్పుడు ఇదే దక్కన్ పీఠభూమిల జొన్నలే తిని బతికే కూలోళ్లకు పెల్లాగ్రా అనే రోగం వచ్చేది. ఎండ తగిలే కాడ, మెడ చుట్టు, చేతుల మీద తోలు నల్లబడి పొట్టు లేసేది. విరేచనాలు, మతి తప్పుడు గూడ ఉండేది. అది నియాసిన్ అనే విటమిన్ కొరత. జొన్నల్ల లూసిన్ ఎక్కువ ఉండుడు గూడ దానికొక కారణమని ఆ సంస్థల పని చేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960ల రాసిండ్రు. మరి జొన్న చెడ్డదా? కాదు. జొన్నతోటి పప్పు, ఆకుకూర, పాలు, మాంసం తినే ఇంట్ల ఆ రోగం రాలే. ఉత్త జొన్నల మీద బతికినోళ్లకు వచ్చింది. రోగం గింజల లేదు, పేదరికంల ఉన్నది. హోలిస్టిక్ అన్న మాటకు నాకు ఇంతకన్న మంచి పాఠం దొరకలే.

నల్లగొండ సంగతి గూడ అంతే. ఫ్లోరైడ్ నీళ్లతోని పోరగాళ్ల మోకాళ్లు లోపలికి వంగుడును 1970లల్ల ఈ సంస్థ శాస్త్రవేత్తలే గుర్తించి రాసిండ్రు. తిండిల కాల్షియం తక్కువున్న పిల్లల మీద ఆ దెబ్బ ఇంకింత ఎక్కువ పడ్డది. అక్కడ ఎంత మంచి డైట్ చార్ట్ రాసిచ్చినా, తాగే నీళ్ల గురించి అడగకపోతే అది చిత్తుకాయితమే.

గర్భిణికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ గోళీ వెనుక గూడ మన తెలుగాయన ఉన్నడు. భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల రోగంతోని అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న మనిషి, అమెరికాల లెడర్లే ప్రయోగశాలల తన బృందంతోని ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసిండు. ఇంటి దుఃఖం నుంచే ఆయన శాస్త్రం పుట్టింది.

ఒక్కొక్కరికి ఒక తీరు: శాస్త్రం ఎంత వరకు చెప్తది?

ఒకటే తిండి ఇద్దరి ఒంట్ల ఒకటే తీరు పని చెయ్యదన్నది నిజమే. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 2015ల 800 మంది రక్తంల చక్కెరను వారం పాటు ఎడతెగకుండ కొలిచిండ్రు. ఒకటే తిండి తిన్నంక ఒకరికి చక్కెర మస్తు పెరిగింది, ఇంకొకరికి అంత పెరగలే. పేగుల్ల ఉండే సూక్ష్మజీవులు, నిద్ర, నడక, అన్నిటి ప్రభావం దాని మీద ఉంటది.

ఇది పట్టుకొని కంపెనీలు ఇంకొక అడుగు ముందుకేసినయి. 'మీ ఉమ్మి పంపుండ్రి, డీఎన్ఏ చూసి మీకు తగ్గ డైట్ చెప్తం' అని వేలకు వేలు గుంజుతున్నరు. కాని అమెరికా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంల 609 మంది మీద ఏడాది పాటు చేసిన పరిశోధన 2018ల వచ్చింది. కొవ్వు తగ్గించే డైట్ కొందరికి, పిండి పదార్థం తగ్గించే డైట్ కొందరికి ఇచ్చిండ్రు. జన్యువులకు, ఏ డైట్‌తోని ఎంత బరువు తగ్గిండ్రన్న దానికి లంకె దొరకలే. రెండు గుంపులు దగ్గర దగ్గర ఒకటే తీరు తగ్గినయి. అంటే మనిషికి తగ్గ తిండి చెప్పుడు ఉమ్మి డబ్బాల లేదు. కూసోని ఓపికగ అడుగుట్ల ఉన్నది.

ఆ అడుగుడు ఎట్లుంటది?

షుగర్ ఉన్న ముగ్గుర్ని అనుకుందం.

మొదటామె జనగామ దిక్కు కైకిలికి పోయే అవ్వ. పొద్దుగాల ఆరింటికి చాయ తాగి పోతది. పదింటికి సద్దిల అన్నం, తొక్కు. రాత్రి మళ్ల అన్నమే. తెలంగాణల 2025 ఉగాది నుంచి రేషన్ల మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు. 6 కిలోలు అంటే రోజుకు 200 గ్రాములు, దగ్గర దగ్గర 700 కెలోరీలు. ఇది ఆమె ఇంటికి ఆసరా. ఆమెకు 'అన్నం మానెయ్' అని చెప్పుడు అంటే 'ఉపాసం ఉండు' అని చెప్పుడే. ఆమెకు చెప్పాల్సింది వేరే ఉంటది. అన్నం జరంత తగ్గించి పప్పు పెంచుడు, సద్దిల తొక్కుతోని పాటు పెసర్లో, ఉలవలో, గుడ్డో పెట్టుకునుడు, చాయల చక్కెర తగ్గించుడు, పుంటికూర, తోటకూర రోజు తినుడు. షుగర్ గోళీ మింగి ఏం తినకుండ ఎండల పనికి పోతే కండ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉన్నదని చెప్పుడు అన్నిటికన్న ముఖ్యం.

రెండో ఆయన రాత్రి డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డు. పగలు నిద్ర, రాత్రి రెండింటికి మిర్చి బజ్జీ, చాయ. ఆయనకు ఏం తినాలె అన్న దానికన్న ఎప్పుడు తినాలె, ఎంత నిద్రపోవాలె అన్నదే పెద్ద ప్రశ్న.

మూడో ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పైసలున్నయి, వంటామె ఉన్నది. కాని పన్నెండు గంటలు కుర్చీలనే. ఒత్తిడి పెరిగినప్పుడల్ల బిస్కెట్లు. ఆమెకు క్వినోవా కన్న ముందు అన్నం తిన్నంక పది నిమిషాల నడక అవసరం.

జబ్బు ఒకటే, మనుషులు ముగ్గురు, సలహాలు మూడు. ఇది చెప్పాలంటే మూడు తెలిసి ఉండాలె. ఒంటి శాస్త్రం, తిండి శాస్త్రం, బతుకు శాస్త్రం. మొదటి రెండు కాలేజీల దొరుకుతయి. మూడోది ఇండ్లల్లకు పోతేనే దొరుకుతది.

తిండి శాస్త్రానికి మన దేశానికే సొంత పట్టికలు ఉన్నయి. జాతీయ పోషకాహార సంస్థ 2017ల తెచ్చిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్ల 528 రకాల తిండి లెక్కలున్నయి. 100 గ్రాముల తైదలల్ల 340 నుంచి 360 మిల్లీగ్రాముల దాక కాల్షియం ఉంటది. 100 గ్రాముల పల్లీలల్ల 24, 25 గ్రాముల ప్రొటీన్ ఉంటది. ఈ లెక్క తెలిసినోడు పేదింటామెకు విదేశీ పొడి డబ్బా రాసియ్యడు. ఆ సంస్థనే 2024ల భారతీయుల కోసం 17 ఆహార సూచనలు ఇచ్చింది. దేశంల మొత్తం రోగాల భారంల 56.4 శాతం సరిలేని తిండి వల్లనే అని అండ్లనే రాసిండ్రు. ఈ పనిల దిగాలనుకునేటోళ్లు మొదలు అది సదవాలె.

ఎక్కడ చేతులు కట్టుకోవాలె?

మా బస్తీల ఒక ఆటో డ్రైవర్ ఉండె. ఫోన్ల ఒక కోచ్ తాన మూడు నెలల ప్యాకేజీ తీసుకున్నడు. 'గోళీలన్నీ విషం, మా జ్యూస్‌లతోని షుగర్ మొత్తం పోతది' అన్నరు. గోళీలు బంద్ పెట్టిండు. నెల తిరగకముందే దవాఖానల పడ్డడు. కోచ్‌కు ఫోన్ చేస్తే 'మీరు మా ప్లాన్ సరిగ పాటించలే' అన్నరట. ప్యాకేజీ పైసలు వాపస్ రాలే. ఆటో కిస్తీ రెండు నెలలు ఆగింది. ఆయన భార్య కమ్మలు కుదువ పెట్టింది. సలహా చెప్పినోని మీద ఒక్క కాయితం లేదు, సంతకం లేదు, అడ్రస్ లేదు.

అందుకే హద్దులు తెలుసుకునుడు ఈ నౌకరిల మొదటి పాఠం. గోళీ బంద్ పెట్టమనే అధికారం తిండి చెప్పేటోళ్లకు లేదు. అది డాక్టర్ పని. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి కొబ్బరినీళ్లు, పండ్ల రసాలు పొటాషియం పెంచి గుండెకే ఎసరు పెడ్తయి. 'మంచి ఉప్పు' అని అమ్మే పొటాషియం ఉప్పు గూడ వాళ్లకు ప్రమాదమే. రక్తం పల్చబడేందుకు వార్ఫరిన్ గోళీ వేసుకునేటోళ్లు ఉన్నట్టుండి ఆకుకూరలు మస్తు పెంచినా, మొత్తం బంద్ పెట్టినా గోళీ లెక్క తప్పుతది. ఏండ్ల కొద్ది మెట్‌ఫార్మిన్ మింగేటోళ్లకు బి12 తగ్గొచ్చు. ఆకుకూర, కొబ్బరినీళ్లు మంచియే. కాని ఎవరికి మంచియి అన్నదే ప్రశ్న. పర్సనలైజ్డ్ అన్న మాటకు అసలు అర్థం ఇదే.

చట్టం గూడ ఉన్నది. 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం షుగర్, క్యాన్సర్, ఊబకాయం లాంటి జబ్బుల్ని నయం చేస్తమని మందులకు ప్రచారం చేసుడు నేరం. తిండి వస్తువుల మీద తప్పుడు ప్రచారం చేస్తే 2006 ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల రూపాయల దాక జరిమానా పడొచ్చు. 2023 ఆగస్టుల కేంద్ర వినియోగదారుల శాఖ ఇంకో మాట చెప్పింది. సోషల్ మీడియాల ఆరోగ్యం గురించి చెప్పేటోళ్లు తమ అర్హత ఏందో బయటపెట్టాలె. అర్హత లేనోళ్లు తమ మాట డాక్టర్ సలహాకు బదులు కాదని చెప్పాలె.

ఏం సదవాలె?

మన దేశంల శాన ఏండ్లు ఎవరైనా న్యూట్రిషనిస్ట్ అని బోర్డు పెట్టుకోవచ్చు అన్నట్టే నడిచింది. 2021ల అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. డైటీషియన్, న్యూట్రిషనిస్ట్ పేర్లు ఆ చట్టంల ఉన్నయి. సదువుకు ఒక పద్ధతి, రాష్ట్ర కౌన్సిళ్లల్ల పేరు నమోదు దాని ఉద్దేశం. అంటే ముందు ముందు పేరు నమోదు లేకుండ ఈ పని చేసుడు కష్టమైతది. ఇప్పుడు సదువు మొదలుపెట్టేటోళ్లు ఇది మనసుల పెట్టుకోవాలె.

దారి ఇట్లుంటది. ఇంటర్ల బైపీసీ ఉంటే మేలు. తర్వాత ఫుడ్ అండ్ న్యూట్రిషన్, డైటెటిక్స్, లేకుంటే హోమ్ సైన్స్ డిగ్రీ. హోమ్ సైన్స్‌ను వ్యవసాయ విశ్వవిద్యాలయాలల్ల ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ అంటున్నరు. హైదరాబాద్ సైఫాబాద్‌ల జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల కాలేజీ ఉన్నది. తిరుపతిల పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంల హోమ్ సైన్స్ ఉన్నది. ఆ తర్వాత ఎమ్మెస్సీ. తార్నాక జాతీయ పోషకాహార సంస్థల అప్లైడ్ న్యూట్రిషన్, స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీలు ఉన్నయి. ఆ సదువుతోని దవాఖానల నెలల కొద్ది ఇంటర్న్‌షిప్ చేసినోళ్లు ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయొచ్చు. ఈ సంఘం 1963ల పుట్టింది. ప్రకృతి వైద్యం మీద ఇష్టమున్నోళ్లకు బీఎన్‌వైఎస్ అనే వేరే డిగ్రీ ఉన్నది. అది అయిదున్నర ఏండ్ల సదువు, అండ్ల ఏడాది ఇంటర్న్‌షిప్. అదొక దారి, ఇదొక దారి. రెండు కలిపి గందరగోళం కావొద్దు.

ఇంకోటి శానామందికి తెల్వది. దూరవిద్యల, ఆన్‌లైన్ల క్లినికల్ న్యూట్రిషన్, డైటెటిక్స్, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ డిగ్రీలకు కొత్త అడ్మిషన్లు 2025 జూలై-ఆగస్టు నుంచి బంద్ పెట్టాలని యూజీసీ చెప్పింది. రోగిని చూడకుండ రోగికి తిండి చెప్పుడు నేర్వరాదని దాని భావం. కాబట్టి ఎవరన్న 'ఇంట్ల కూసోని డైటెటిక్స్ డిగ్రీ' అని అమ్మజూస్తే జర ఆగుండ్రి.

మా అక్క బిడ్డ సిద్దిపేటల డిగ్రీ చేస్తది. పోయిన ఎండకాలం ఒక ప్రకటన తెచ్చి చూపెట్టింది. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు, అంతర్జాతీయ గుర్తింపు, ఫీజు 65 వేలు. 'మామా, అమ్మ చిట్టి ఎత్తుతనంటున్నది' అన్నది. మా అక్క బీడీలు చేస్తది. ఆ చిట్టి కోసం ఎన్ని తునికాకులు కత్తిరించిందో నాకు ఎరుకనే. ఇద్దరం కూసోని వాళ్లకు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడిగినం. ఈ సర్టిఫికెట్‌ను గుర్తించిన సర్కారు సంస్థ ఏది? దవాఖానల ఎన్ని రోజుల పని నేర్పుతరు? పాఠం చెప్పేటోళ్ల సదువు ఏంది? ఇది చేసినంక రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయొచ్చా? ఒక్కదానికి గూడ సూటి జవాబు రాలే. 'ఈ రాత్రి పన్నెండు దాక చేరితే 20 వేలు తగ్గిస్తం' అన్నరు. సదువు చెప్పేటోళ్లు కూరగాయల బేరం లెక్క రేట్లు తగ్గిస్తుంటే అండ్ల సదువు ఎంతుంటదో ఆమెకే సమజైంది. ఇప్పుడు ఎమ్మెస్సీ ఎంట్రెన్స్‌కు సదువుతున్నది. మీరు గూడ ఎక్కడ పైసలు కట్టాలన్నా ముందుగాల ఈ నాలుగు ప్రశ్నలు అడుగుండ్రి. చిన్న కోర్సులు అసలే పనికి రావని కాదు. డిగ్రీ ఉన్నోళ్లకు అవి అదనపు నేర్పు. డిగ్రీకి బదులు మాత్రం కావు.

పైసలు ఎక్కడ దొరుకుతయి?

సాఫ్ట్‌వేర్ లెక్క మొదటి నెలనే పెద్ద జీతం వస్తదనుకుంటే నిరాశనే. కార్పొరేట్ దవాఖానల కొత్త డైటీషియన్‌కు జీతం తక్కువ, పని ఎక్కువ. వార్డులన్ని తిరగాలె, కిచెన్ చూడాలె. కాని చెయ్యి తిరిగేది అక్కడనే. కనీసం రెండు మూడేండ్లు దవాఖానల చెయ్యకుండ సొంత బోర్డు పెట్టుడు నా లెక్కల తొందరపాటు.

తర్వాత దారులు శాన ఉన్నయి. కిడ్నీ డయాలసిస్ సెంటర్లు, క్యాన్సర్ దవాఖానలు, క్రీడా అకాడమీలు, ఫ్యాక్టరీ క్యాంటీన్లు, బడి హాస్టళ్లు. సర్కారు దిక్కు చూస్తే 1975 నుంచి నడుస్తున్న ఐసీడీఎస్ ఉన్నది, అండ్ల సూపర్‌వైజర్లు, సీడీపీవోలు ఉంటరు. పెద్ద దవాఖానల్ల బాగ బక్కచిక్కిన పిల్లలకు పోషణ పునరావాస కేంద్రాలు ఉన్నయి. మహిళా సంఘాలతోని కలిసి చిరుధాన్యాల తిండి తయారు చేసే పని ఉన్నది. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘం మహిళలు, శానామంది దళిత ఆడవాళ్లు, కొర్రలు, సామలు, తైదలు పండించి 2019ల ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ అవార్డు దాక పోయిండ్రు. వాళ్ల తాన నెల రోజులు ఉంటే పుస్తకంల లేని పాఠం దొరుకుతది. మనం విత్తకుండనే చేన్ల మొలిచే ఆకుకూరలు ఎన్ని రకాలో వాళ్లు చెప్తరు.

సొంతంగ పెట్టుకునేటోళ్లకు నాలుగు మాటలు. మొదటి కలుపుట్ల గంట సేపు కూసోవాలె. రిపోర్టులు, గోళీల పేర్లు, నిన్న తిన్నదంత రాసుకోవాలె. సలహా కాయితం మీద సంతకం పెట్టి ఇయ్యాలె. పదిహేను రోజులకు మళ్ల అడగాలె. ఫీజు ముందే చెప్పాలె, సంపాదనను బట్టి ఎక్కువ తక్కువలు పెట్టుకోవచ్చు. అన్నిటికన్న పెద్ద మాట: పొడి డబ్బాల కమీషన్ ముట్టొద్దు. సలహా చెప్పే నోరు, సరుకు అమ్మే చెయ్యి ఒకటే అయితే సలహా చెడిపోతది. మందులు రాసేటోనికి మందుల దుకాణం నుంచి వాటా వస్తే ఏమైతదో మనకు ఎరుకే గదా.

ఎవరికి అవసరం, ఎవరికి అందుతున్నది?

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లల్ల 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అయిదేండ్ల లోపు పిల్లల్ల 70 శాతం. తిండి సలహా వీళ్లకే కదా మొదలు కావాలె? కాని కోచ్‌లందరు ఉండేది జూబ్లీహిల్స్, గచ్చిబౌలి దిక్కు. చార్టుల నిండ అవకాడో, బాదం పాలు, చియా గింజలు. అన్నం తిన్న ఎంబడే చాయ తాగితే తిండిలున్న ఇనుము ఒంటికి పట్టదని, పప్పుల నిమ్మకాయ పిండుకుంటే, ఒక జామకాయ తింటే పడ్తదని చెప్పేటందుకు బస్తీకి ఎవరు వస్తరు?

ఇంకొకటి గూడ చెప్పాలె. శాన డైట్ చార్టులు శుద్ధ శాకాహారమే ఆరోగ్యమన్నట్టు రాస్తరు. గుడ్డు, బోటి, తలకాయకూర, ఎండుచేపలు తక్కువ పైసలల్ల ఎక్కువ బలమిచ్చే తిండి. వాటిని తినేటోళ్ల ముంగట మొఖం చిట్లించేటోళ్లు హోలిస్టిక్ ఎట్లయితరు? ఒకరి కంచాన్ని ఎక్కువ, ఇంకొకరి కంచాన్ని తక్కువ చేసి చూసుడు శాస్త్రం కాదు, కులం.

తిండి ఎంత పెద్ద మందో జార్ఖండ్ల తేలింది. టీబీ రోగుల ఇండ్లల్ల ఉన్నోళ్లకు నెల నెల తిండి సరుకులు ఇచ్చి చూసిండ్రు. ఇంటోళ్లకు టీబీ వచ్చుడు 39 నుంచి 48 శాతం దాక తగ్గిందని 2023ల లాన్సెట్ పత్రికల వచ్చింది. కొత్త మందు ఏం లేదు, తిండే. ఇప్పుడు కేంద్రం టీబీ రోగికి తిండి కోసం నెలకు 1000 రూపాయలు ఇస్తున్నది. 2024 నవంబర్ దాక 500 ఉండె. ఆ వెయ్యితోని ఏం కొనాలె, ఎట్ల తినాలె అని చెప్పేటోళ్లు మండలానికి ఒకరున్నా ఎన్ని ఇండ్లు నిలబడ్తయో ఆలోచించుండ్రి.

తెలంగాణల 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల ఒక పూట బువ్వ, గుడ్డు, పాలు ఇస్తున్నరు. మంచిది. కాని కంచంల పెట్టినంక ఆ కంచం ముందు కూసున్న ఆడబిడ్డ సంగతి అడిగే మనిషి గూడ కావాలె. అంగన్‌వాడీ టీచర్ మీదనే రిజిస్టర్లు, యాప్‌లు, సర్వేలు అన్ని మోపితే ఆమె ఎప్పుడు అడుగుతది? అందుకే నేను సర్కారును అడిగేది ఒకటే. ప్రతి ఏరియా దవాఖానల, ప్రతి కమ్యూనిటీ హెల్త్ సెంటర్ల పర్మినెంట్ డైటీషియన్ పోస్టు పెట్టుండ్రి. కాంట్రాక్ట్ కాదు, పర్మినెంట్. పోషకాహారం సదివిన ఆడపిల్లలకు నౌకర్లు దొరుకుతయి, రక్తం లేని ఆడపిల్లలకు సలహా దొరుకుతది.

ఈ దారిల పోదామనుకునే పిల్లలకు గూడ ఒక మాట. సదువు పక్కాగ సదవుండ్రి. దవాఖానల చెయ్యి తిరగనియ్యుండ్రి. మీ ఊరి యాసల మాట్లాడుడు మర్వకుండ్రి. 'కార్బోహైడ్రేట్ తగ్గించండి' అంటే అవ్వకు సమజు కాదు. 'అవ్వా, అన్నం ఒక ముద్ద తగ్గించి పప్పు ఒక గంటె ఎక్కువ పోసుకో' అంటే సమజైతది, చేస్తది గూడ. డబ్బున్నోళ్ల తాన ఫీజు తీసుకోండ్రి, తప్పు లేదు. కాని వారంల ఒక పూట బస్తీకి, తండాకు పోండ్రి. అక్కడ నేర్చుకున్నదే రేపు మీ ఫీజుకు గూడ విలువ తెస్తది.